పైవాటా ఆవిడ గొంతు

మా పైవాటా ఆవిడ పోయారని ఒక శుక్రవారం పొద్దున ఫోనొచ్చింది. పెనం మీద పెసరట్టు ఉంది. ఫోను చేసింది ఐర్లండు నుంచి ఆవిడ చెల్లెలు. ఆమె ముఖం కూడా నాకు తెలీదు. "నీకు తప్పకుండా చెప్పమని అక్క మరీ మరీ చెప్పింది" అంది. జబ్బు చేసిన సంగతే నాకు తెలీదు, అలాంటిది పోయారంటే ఏమనాలి? నేను "అయ్యో" అన్నాను. ఆ మాట ఆమెకేం అర్థమవుతుంది? ఫోను పెట్టేసి వచ్చేసరికి అట్టు మాడి బొగ్గయింది.

మనవాళ్ళెవరైనా పోతే ఏం చెయ్యాలో చెప్పడానికి పెద్దవాళ్ళుంటారు. ఇలాంటి మనిషి పోతే ఎవరినడగాలి? తల మీద నీళ్ళు పోసుకోవాలా అని మా ఆయన్ని అడిగాను. "ఏ వరసని పోసుకుంటావే?" అన్నారు. నిజమే, ఏ వరస? అక్కా కాదు, అత్తా కాదు. అయినా మనసొప్పక వెళ్ళి పోసుకున్నాను. చన్నీళ్ళ స్నానమనే అనుకున్నాను గానీ, దోహాలో ఎండాకాలం చన్నీళ్ళ కుళాయి తిప్పినా సలసల కాగేవే వస్తాయి. చివరికి అదీ సరిగ్గా కుదరలేదు.

ఇంతకీ ఆవిడెవరని మీరడిగితే ఏం చెప్పాలో నాకు సరిగ్గా తెలీదు. పగలు చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పేవారు. సాయంత్రం నాట్యం నేర్పేవారు. శుక్రవారాలు కెమెరా భుజాన వేసుకుని ఊరు తిరిగేవారు. ఇవి చాలవన్నట్టు వాళ్ళ దేశం రేడియోకి వాళ్ళ భాషలో కబుర్లు రికార్డు చేసి పంపేవారు. వాళ్ళ భాషంటే ఇంగ్లీషు కాదు. ఐరిష్ అని వాళ్ళకో సొంత భాష ఉందని ఆవిడ చెబితేనే నాకు తెలిసింది. అన్నాళ్ళూ తెల్లవాళ్ళందరూ పుట్టడమే ఇంగ్లీషులో పుడతారనుకున్నాను.

గల్ఫ్ యుద్ధం సద్దుమణిగాక మేం దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్‌లో కొత్తగా వాటా తీసుకున్నాం. సాయంత్రమైతే చాలు, నడినెత్తిన టకటక టకటక. మా వాచ్‌మన్‌ది నిజామాబాద్ వైపు. అతన్ని పిలిచి అడిగితే నెత్తి కొట్టుకున్నాడు. "నన్నేం జెయ్యమంటవమ్మా? ఆ మేడమ్ బూట్లేసుకొని ఎగురుతున్నది. నేను పోయి చెప్తే వన్ మినిట్ అంటది, గంటసేపు ఎగురుతది" అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కొంగు దోపుకుని పైకెక్కాను. గంట కొట్టబోతూ ఆగిపోయాను, ఎందుకంటే ఆ చప్పుడు లెక్కలో ఉంది. తకిట తకిట, తకిట తకిట. శుద్ధమైన తిశ్రం, మూడేసి దెబ్బల నడక! పెళ్ళికి ముందు విజయవాడలో ఏళ్ళ తరబడి కూచిపూడి నేర్చుకున్నదాన్ని, ఆమాత్రం తెలీదా? తలుపు తెరుచుకుంది. యాభైకి దగ్గరపడ్డ మనిషి, ముఖం టమాటాలా ఎర్రబడి, చెమటతో తడిసి నిలబడి ఉన్నారు. తిడదామని నోరు తెరిచాను. "తకిట తకిట" అని వచ్చింది. ఆవిడ ఒక్క క్షణం విని, నా జతికి గుమ్మంలోనే అడుగేశారు. ఆ తర్వాత, "యల్లా, లోపలికి రా" అన్నారు.

వాళ్ళ నాట్యంలో చేతులు కదలకూడదు. రెండు పక్కలా కర్రల్లా వేలాడాలి. మాటంతా పాదాలదే. "చేతులు ఊపితే కాళ్ళు చెప్పేది ఎవరూ వినరు" అనేవారు. మాకేమో చెయ్యి కదలకపోతే కథే లేదాయె. ఆవిడకి పతాకం, త్రిపతాకం ముద్రలు పట్టించబోతే వేళ్ళు వంగేవి కావు. నేను ఆవిడ అడుగులు వెయ్యబోతే చేతులు వాటంతటవే లేచిపోయేవి. ఇద్దరం నవ్వీ నవ్వీ సోఫాలో కూలబడేవాళ్ళం. అల్ ఘర్రాఫా విల్లాల నుంచి ఆవిడ దగ్గర నాట్యం నేర్చుకోవడానికి కార్లలో దిగిన పిల్లలు, వీళ్ళకేమైందా అని చూసేవాళ్ళు.

రేడియోకి రికార్డు చేసే రోజు చూసి తీరాల్సిందే. ఏసీ మోత వినబడకూడదని దాన్ని ఆపేసి, టేపు రికార్డరుతో సహా బొంత కప్పుకుని కూర్చునేవారు. ఆగస్టు నెలలో! మెట్ల పక్క కిటికీలోంచి చూసిన వాచ్‌మన్ పరుగున నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, మేడమ్‌కు చలిజరం వచ్చినట్టుంది, దవాఖానకు తీస్కపోదామా?" అన్నాడు. అంత ఉక్కలో కూర్చుని ఆవిడ ఎవరికి ఏం చెబుతున్నారో నాకు ఒక్క ముక్క తెలిసేది కాదు. కానీ ఆ భాషలో మాట్లాడేటప్పుడు ఆవిడ గొంతు పల్చబడేది, చిన్నపిల్ల గొంతులా.

ఒకరోజు, "మన బిల్డింగులో ఆడవాళ్ళ మీద మా భాషలో చిన్న సినిమా తీస్తున్నాను, నువ్వూ మాట్లాడాలి" అన్నారు. సరే, నాలుగు ఇంగ్లీషు వాక్యాలు బట్టీపట్టి, పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను. ఆవిడ చూసి, చీర మార్చుకోమన్నారు. ఇంగ్లీషు కూడా వద్దన్నారు. "తెలుగులో చెప్పు."

"మీకు తెలుగు రాదుగా?"

"రాదు. నీకు వచ్చుగా. ఇంగ్లీషు నాకూ డ్యూటీ భాషే. డ్యూటీ భాషలో మనుషులు రిపోర్టులు చెబుతారు, కబుర్లు చెప్పరు" అన్నారు.

ఆ తర్వాత కెమెరా వెనక్కి వెళ్ళి, నాట్యం ఎందుకు మానేశావని అడిగారు.

ఏదో రెండు ముక్కలు చెప్పి లేద్దామనుకున్నాను. తెలుగులో మొదలుపెట్టాక ఆగలేదు. నన్నెవరూ మానెయ్యమనలేదు, అదే నా ఏడుపు. మా అత్తగారు వద్దనలేదు. మా ఆయనైతే పెళ్ళిచూపుల్లోనే, "డాన్సు మానకండి" అన్నారు. గజ్జెలు దోహా దాకా తెచ్చుకున్నాను, పెట్టెలోనే ఉన్నాయి. ఇవాళ, రేపు అంటూ ఏళ్ళు గడిచిపోయాయి. ఎవరినైనా తిట్టుకుందామంటే మనిషి దొరకడం లేదు. ఇవన్నీ చెప్పాను, బావురుమన్నాను. అంతకుముందు ఎవరితోనూ, ఏ భాషలోనూ అనలేదు ఆ మాట.

ఆవిడ కెమెరా ఆపి, టీ పెట్టుకొచ్చారు. ఏం చెప్పానో అడగరేమని నేనే అడిగాను. "అడిగితే నువ్వు దాన్ని ఇంగ్లీషులో చక్కగా సర్ది చెబుతావు. వద్దు" అన్నారు.

కొన్నాళ్ళకి వాళ్ళ దేశంలో వాళ్ళ భాషకంటూ టీవీ మొదలవుతోందని ఆవిడకి పిలుపొచ్చింది. వెళ్ళిపోయారు. సాయంత్రాలు నెత్తిన చప్పుడు లేక నాకు తలనొప్పి పట్టుకుంది.

మరుసటేడు ఆ సినిమా వీడియో క్యాసెట్ పంపారు. బయటి నుంచి ఏ క్యాసెట్ వచ్చినా ఇక్కడ అధికారులు చూసిగానీ ఇచ్చేవారు కాదు. మా ఆయన వెళ్ళారు. ఆఫీసరు టీవీలో వేసి చూస్తూ, "ఇదేం భాష?" అన్నాడట. తెలీదన్నారు ఈయన. "ఈమె ఎవరు?" నా భార్యన్నారు. "ఏం చెబుతోంది?" మళ్ళీ తెలీదన్నారు. ఆఫీసరు ఈయన్ని ఎగాదిగా చూసి, "మాఫీ ముష్కిల్, ఫర్వాలేదు, మా ఇంట్లోనూ అంతే" అని క్యాసెట్ చేతిలో పెట్టాడట. ఇది చెబుతూ మా ఆయన పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

క్యాసెట్ వేశాక నా నవ్వు ఎగిరిపోయింది. తెర మీద నేను నోరు తెరుస్తున్నాను, వస్తున్నది ఆవిడ గొంతు! నా మాటలన్నిటి మీదా ఆవిడ ఐరిష్ మాటలు. అడుగున నా తెలుగు పక్కవాటాలో ఎవరో గొణుగుతున్నట్టు ఉందంతే, ఒక్కటీ తెలీదు. "ఇంతకీ ఏం చెప్పావే?" అన్నారు మా ఆయన. "ఏదో, డాన్సు గురించి" అన్నాను. కానీ ఆవిడకి తెలుగు రాదే! నా ఏడుపుకి ఏ మాటలు తొడిగారో? వాళ్ళ దేశమంతా నేనేం చెప్పానని అనుకుంటోంది?

ప్రతి కొత్త సంవత్సరానికీ ఆవిడ ఫోను చేసేవారు. ఈసారి అడగాలి అనుకునేదాన్ని. తీరా వానలు పడుతున్నాయా, చలి ఎలా ఉంది అనడంతోనే సరిపోయేది. ఇప్పుడు మనిషే లేరు. పోయినందుకు దుఃఖమో, నా నోట్లో ఏం పెట్టి పోయిందీ మనిషి అని కోపమో నాకే తెలీలేదు. వారం రోజులు కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను, లేదా అసలు వెయ్యలేదు.

ఆ చెల్లెలే మళ్ళీ ఫోను చేసింది. సంతాప సభలో ఆ సినిమా వేశారట. "నీ భాగం చూసి అందరూ ఏడ్చారు. అందులో అక్క ఏం చెప్పిందో నీకు తెలుసా?" అంది. తెలీదన్నాను. ఇంగ్లీషులో చెప్పనా అంది. వద్దనేద్దామా అనిపించింది. మా ఆయన పక్కనే ఉన్నారు, స్పీకరు మీట నొక్కారు. చెప్పమన్నాను.

ఆ చెల్లెలు ఒక్కొక్క వాక్యమే చెప్పింది. "ఈమె భాష నాకు రాదు. చాలాసేపు మాట్లాడింది, ఏడ్చింది. అర్థం అడగలేదు. ఆమె కుర్చీలో నేను కూర్చుంటే ఏం చెబుతానో అది చెబుతాను. చిన్నప్పటి నుంచి ఆడాను. పెద్దయ్యాక మానేశాను. నన్నెవరూ మానమనలేదు. నిందించడానికి ఒక మనిషి కోసం చాలా ఏళ్ళు వెతికాను, దొరకలేదు. ఈ ఎడారి ఊరికి వచ్చాక ఒక సాయంత్రం బూట్లు తొడుక్కున్నాను. మానెయ్యడానికి కారణం లేనట్టే, మొదలుపెట్టడానికీ లేదు."

ఫోను పెట్టేశాం. ఆవిడ తన కథ చెప్పుకున్నారా, నాది చెప్పారా? ఇప్పటికీ తేల్చుకోలేను.

"నువ్వు చెప్పిందీ ఇదేనా?" అన్నారు మా ఆయన.

"ఇదే."

"నాకు తెలుగులో చెప్పొచ్చుగా."

చెప్పొచ్చు. ఎందుకు చెప్పలేదో దానికీ కారణం లేదు. ఆయన చెయ్యి పట్టుకుని మొదటి నుంచీ అంతా తెలుగులో చెప్పాను. గజ్జెల పెట్టె ఇంకా దించలేదు. దించుతానో లేదో తెలీదు.

ఆ సాయంత్రం ఇద్దరం క్యాసెట్ మళ్ళీ వేసుకుని చూశాం. ఇన్నిసార్లు చూసినా గమనించలేదు, నా మాటలు ముందే అయిపోతాయి. నేను నోరు మూసుకుని, కళ్ళు తుడుచుకుని, కెమెరా వెనకున్న ఆవిడ వైపు చూస్తూ కూర్చుంటాను. ఆవిడ గొంతు మాత్రం ఇంకా మాట్లాడుతూనే ఉంటుంది.