వీర్రాజు కోసం కట్టిన పాట

ఏళ్ల తరబడి ఒక మాట నా గొంతులో చేపముల్లులా అడ్డుపడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్లకి చెప్పే ధైర్యమే ఉంటే ఎప్పుడో చెప్పేవాణ్ణి.

మొన్న ఫోన్లో మెక్సికో పాట వీడియో ఒకటి వచ్చింది, కింద మాటలకి అర్థం కూడా వేశారు. తాగే చోట పెద్ద టోపీవాడొకడు గిటార్ పట్టుకుని, వదిలేసి పోయిన ఆడదాని మీద పాడుతున్నాడు. పక్కన ఒకడు ఏడుస్తూ తాగుతున్నాడు. పాడేవాణ్ణి చూస్తే ఒళ్లు మండింది. వాడు నేనే కదా.

మాది బందరు దగ్గర ఊరు. చర్చి క్వయర్‌లో నాది వెనక వరస, నా గొంతు ఎవరికీ పట్టలేదు. ఏటా వేసవిలో చేపల వేట నిషేధం రోజుల్లో బోట్లు ఒడ్డునే ఉంటాయి. పగలంతా వలలు బాగుచేసుకుని సాయంత్రం అందరూ కల్లుపాకకి చేరేవాళ్లు. వీర్రాజు బోటు నడిపేవాడు, నన్ను బావా అనేవాడు. తాగుడు మానట్లేదని, వాడు ప్రేమించిన నాగమణి అవనిగడ్డలో మేనమామ ఇంటికి వెళ్లిపోయింది. వాడి ఏడుపు చూసి, నమ్మించి మోసం చేసిందని నేనొక పాట కట్టాను. అందరూ గ్లాసులు కింద పెట్టి విన్నారు. మళ్లీ పాడమన్నారు.

ఒకరోజు అవనిగడ్డ బస్టాండులో నాగమణి ఎదురైంది.

"అన్నయ్యా, ఆయన ఫోను కాలవలో పడిపోయిందంట. ఆదివారం మోపిదేవి గుడికి రమ్మనండి. తాగకుండా వస్తే చాలు, మావయ్యని నేను ఒప్పిస్తాను."

"చెప్తానమ్మా" అన్నాను.

చెప్పాలనే వెళ్లాను. నిజంగా. పాకలో నాకు చోటు ఉంచి అందరూ ఎదురుచూస్తున్నారు. వీర్రాజే "పాడు బావా" అన్నాడు. చెప్తే వాడు లేచి వెళ్లిపోతాడు, పాట అబద్ధమైపోతుంది, నేను మళ్లీ వెనక వరసలో నిలబడాలి. ఇంత చిన్నదానికా? ఇంత చిన్నదానికే. పాడాను. రేపు చెప్దాంలే అనుకున్నాను. ఆదివారం ఆమె మోపిదేవిలో ఎదురుచూస్తుంటే నేను చర్చిలో దేవుణ్ణి స్తుతిస్తున్నాను. మరుసటేడు వేట నిషేధం వచ్చేసరికి ఆమెకి ఇంకొకరితో పెళ్లయిపోయింది.

ఇప్పుడు వీర్రాజుకి లివర్ పాడైపోయింది. ఆస్పత్రికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని, ఆ పాటే లేకపోతే ఏమైపోయేవాణ్ణో బావా, ఒక్కసారి పాడు అన్నాడు. పాడాను. అప్పుడు కూడా పాడాను, చూడండి.

క్షమించమనడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. నాగమణి మోసం చెయ్యలేదు. వాణ్ణి రమ్మంది. ఈ మాట ఇన్నేళ్లకి నా గొంతు దాటింది, ఏ రాగమూ లేకుండా.