ఆయన లెక్కకు దిద్దుబాటు

ఆ ఆఫీసులో అందరూ ఆయన్ని గాలిమాస్టారు అనేవాళ్లు. విమానాలు ఎగిరే ఎత్తుకు పైన, ఓజోన్ పొర ఉండే చోట గాలి ఎటు పోతోంది, ఎంత వేగంగా పోతోంది అని లెక్క కట్టడం ఆయన పని. మీ అబ్బాయి ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే ఆయన తల్లి, "మావాడివి గాలి మాటలు కావమ్మా, గాలి లెక్కలు" అని నవ్వించేది. ఆయన భార్యదీ అదే సెక్షను, పక్క బల్లే. ఇంట్లో మొదలైన వాదన ఆఫీసులో తేలేది, ఆఫీసులో తేలనిది వంటగది దాకా వచ్చేది. అలాంటి ఒక వాదనలో ఇద్దరిలో ఎవరూ తగ్గకపోవడం వల్లే వాళ్ల పెళ్లయిందని తోటివాళ్లు ఆటపట్టించేవాళ్లు.

అంత ఎత్తున గాలి ఎంత నెమ్మదిగా పైకి లేస్తుందంటే, దాన్ని నేరుగా కొలిచే సాధనమే లేదు. అందుకని ఉపగ్రహంలోని అద్దం భూమి అంచువైపు చూస్తుంది, ఏ ఎత్తులో ఎంత తేమ ఉందో పట్టిస్తుంది. భూమధ్యరేఖ మీద ఒక కాలంలో కాస్త తేమగా, ఇంకో కాలంలో పొడిగా ఉండే గాలి పొరలు పొరలుగా పైకి పోతుంటుంది. ఒక పొర నెలనెలా ఎంత ఎత్తుకు చేరిందో చూసుకుంటే వేగం తెలుస్తుంది. ఏళ్ల తరబడి ఆ పొరల వెంటపడి, రానురాను గాలి వేగంగా లేస్తోందని గాలిమాస్టారు తేల్చాడు. ఆ వ్యాసంతో ఆయనకి పేరొచ్చింది. ఎక్కడెక్కడి వాళ్లో దాన్ని తమ లెక్కలకి ఆధారం చేసుకున్నారు.

పేరొచ్చిన మరుసటి ఏడే ఆయన పోయాడు. మామూలు జ్వరమే అనుకున్నది ఊపిరితిత్తులకి పాకింది. ఆస్పత్రికి బయల్దేరుతూ కూడా, సోమవారానికల్లా వచ్చేస్తాను, నా బల్ల సర్దకు అని భార్యకి చెప్పి మరీ వెళ్లాడు. ఆమె సర్దలేదు. కొన్నాళ్లు సెలవు పెట్టి, ఇంట్లో గోడల్ని చూస్తూ కూర్చోలేక మళ్లీ పనిలో చేరింది. అత్తగారు ఆమె దగ్గరే ఉండిపోయింది.

సెక్షన్ హెడ్ మంచివాడు. గాలిమాస్టారు మొదలుపెట్టిన లెక్కని కొత్త సంవత్సరాలకీ పొడిగించే పనిని ఆమెకే అప్పగించాడు. ఆమెకీ అది ఊరటగానే ఉండేది, ఆయన రాసిన ప్రోగ్రాములు నడుపుతుంటే ఆయనతో మాట్లాడుతున్నట్టే అనిపించేది. ఉపగ్రహం చెప్పిన తేమని, పైకి వదిలిన వాతావరణ బెలూన్లు కొలిచిన తేమతో పోల్చినప్పుడు తేడా వచ్చింది. పాత ఏళ్లలో రెండూ కలిసే ఉన్నాయి. తర్వాతి ఏళ్లలో ఉపగ్రహం ప్రతి పొరనీ ఉన్నదానికంటే పైన చూపించింది, ఏటేటా ఇంకొంచెం పైన. తప్పు తనదే అయ్యుండాలని ఆమె ఎంతగానో కోరుకుంది. మళ్లీ మళ్లీ మొదట్నించి చేసింది. ఎలా చేసినా అదే. ఏదో ఒక ఏడు నుంచి అద్దం వాలడం మొదలుపెట్టింది, చూస్తున్న ఎత్తు ఒకటి, రాస్తున్న ఎత్తు ఇంకొకటి. ఆ వాలు తీసేస్తే గాలి వేగం పెరగనే లేదు.

హెడ్‌కి చూపిస్తే ఆయన కాగితాలన్నీ మొదట్నించి తిరగేశాడు. చివరికి, ఎప్పటికో అప్పటికి ఎవరో ఒకరు కనిపెడతారు, నీ చేత్తో నువ్వే ఎందుకు చెయ్యాలి అన్నాడు. ఆమెకి మేలు చేద్దామనే అన్నాడు. ఆమెకి మాత్రం ఆ వారమంతా తిండి సయించలేదు.

ఆదివారం అత్తగారు ఆరిన బట్టలు మడతపెడుతుంటే వెళ్లి పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, ఆయన లెక్క తప్పింది."

"ఎవరన్నారు?"

"నేనే అంటున్నాను."

అత్తగారు చేతిలో దుప్పటి ఒళ్లో పెట్టుకుంది. "వాడు తప్పు చేశాడా?"

"అద్దం వాలింది. ఆయన చూసుకోలేదు. పక్కనే ఉండి నేనూ చూసుకోలేదు."

"చెప్పకపోతే ఏమవుతుంది?"

"ఎవరో చెబుతారు. వాళ్లకి ఆయనెవరో తెలీదు."

అత్తగారు ఒళ్లోని దుప్పటి మళ్లీ మడతపెట్టింది. "వాడే ఉంటే ఏం చేసేవాడు?"

"రెండ్రోజులు అలిగి, ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగేవాడు. తర్వాత ఆయనే రాసేవాడు."

"అయితే రాయి," అంది అత్తగారు. "నాకు మాత్రం చదివి వినిపించకు."

ఆమె రాసింది. దిద్దుబాటు మీద ఆయన పేరు కూడా వెయ్యాలని ఎంతో అనుకుంది. ఆ పని ఆయన చెయ్యలేదు కదా అని హెడ్ మెల్లగా అన్నాడు. నిజమే కాబట్టి ఒప్పుకుంది. అచ్చయ్యాక ఎవరూ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. అద్దాలు వాలడం మామూలే, సరిచేశారు, మంచిది అన్నారంతే. అత్తగారు మాత్రం ఆ తర్వాత కొడుకు పని గురించి ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఎవరైనా అడిగినా, ఆఫీసులో చేసేవాడమ్మా అని ఊరుకునేది.

రెండేళ్లకి ఆమె ఇంకో ఉపగ్రహం కొలతలతో కొత్త వ్యాసం రాసింది. చివర్లో ఆధారాల వరసలో ఆయన పాత వ్యాసాన్ని పెట్టింది. అచ్చుకి ముందు దాన్ని పరిశీలించినవాళ్లలో ఒకరు, దిద్దుబాటు ఉండగా ఆ పాతది అనవసరం, తీసేయవచ్చని రాశారు. ఆమె తీయలేదు. తర్వాతి వ్యాసానికీ అదే మాట వచ్చింది. ఈసారి ఎంతసేపు ఆలోచించినా దాన్ని ఉంచడానికి చెప్పుకోదగ్గ కారణం ఒక్కటీ దొరకలేదు. ఆధారాల్లోంచి ఆ ఒక్క వరస చెరిపేసి, కింది వరసలు పైకి జరగడం చూసింది. హెడ్‌కి చెప్పి పెందలాడే ఇంటికి వెళ్లిపోయింది.

ఇంత తొందరగా వచ్చావేమని అత్తగారు అడిగింది. తలనొప్పి అంది. అత్తగారు నమ్మినట్టే నమ్మి, తలకి నూనె రాస్తాను, కింద కూర్చో అంది.