ఈశాన్యానికి మారిన తూము

నా చిన్నప్పుడు పుంగనూరులో మా నాయన కట్టించిన ఇంట్లో అన్నీ బాగా కుదిరాయి, ఒక్క స్నానాలగది తప్ప. మేస్త్రీ గచ్చు చేసి, పడమటి గోడలో తూము పెట్టి వెళ్ళాక, వాస్తు తెలిసిన పెద్దమనిషి ఒకాయన వచ్చి నీళ్ళు ఈశాన్యంగానే పోవాలన్నాడు. నాయన పాత తూము పూడ్పించి ఆ మూలన కొత్తది కొట్టించాడు. తూమైతే మారింది గానీ, గచ్చు వాటం, అదే నీళ్ళు జారే వాలు, పాతవైపే ఉండిపోయింది. ఎవరు స్నానం చేసినా నీళ్ళు పడమటి గోడ కింద నిలిచి పాచి పట్టేది.

ఆ పాచి మీదే మా అవ్వ జారి పడింది. నడుము నయమైంది కానీ, అప్పట్నుంచి ఆమెను ఒంటరిగా స్నానానికి పంపలేదు. మా అమ్మో, మాతోనే ఉండే మేనత్తో లోపల నిలబడాల్సిందే. ఎవరి ముందూ తల వంచని మనిషి, సిగ్గుతో కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఆ వాస్తు పెద్దమనిషి మీద నాకు ఒళ్ళు మండిపోయేది.

మేస్త్రీ గచ్చంతా పగలగొట్టాలన్నాడు. నాయనేమో శెనక్కాయ పెరికాక చూద్దామన్నాడు.

"అంతవరకూ అమ్మకు కాపలా కాయల్లా అన్నా? ముందు నీళ్ళు యాడ నిలస్తాండాయో సూడనీ" అంది మా మేనత్త.

రెండు బిందెలు గుమ్మరించి, నిలిచిన మడుగు చుట్టూ బొగ్గుతో గీత గీసింది. మడుగు ఆరి చిన్నదయ్యే కొద్దీ లోపల మరో గీత, మరో గీత. సాయంత్రానికి అరచేయంత తడి మిగిలింది. అదే అన్నిటికంటే పల్లం. మర్నాడు ఉలి పట్టి, కొత్త పూత పట్టేలా గచ్చును గరుకు చేసింది. పల్లాన్ని సిమెంటుతో ఎత్తు చేసి, అక్కణ్ణుంచి తూము దాకా దారం కట్టి, దాని వెంబడే వాటం తెచ్చింది. ఆరాక నీళ్ళు పోస్తే ఒకచోట ఇంకా నిలిచాయి. చూడ్డానికొచ్చిన మేస్త్రీ నవ్వాడు. అత్త అంతమేరా గీకి మళ్ళీ పూసింది.

నాలుగో రోజు అవ్వ ఒక్కతే లోపలికెళ్ళి గడియ వేసుకుంది. మేమంతా తలుపు బయటే నిలబడ్డాం.

"ఇంగ పోండమ్మా, ఈడ యాల నిలబడుండారు?" అని లోపల్నుంచి గద్దించింది. అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు మదనపల్లెలో నా కొడుకు ఇంట్లోనూ బాత్రూంలో ఒక మూల నీళ్ళు నిలుస్తున్నాయి. టైల్సన్నీ పీకాలన్నాడు పనాయన. ఈ వయసులో నేను జాగ్రత్తగా ఉండాలని, గడియ వేసుకోకుండా తలుపు దగ్గరకేసుకుంటే చాలని కోడలంది. నేను బకెట్టు నీళ్ళు పోయించి, పెన్సిలు పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. ఆ గడియ నాకూ నా చేత్తోనే వేసుకోవాలనుంది.