నీళ్లు ఆపిన గొట్టంలో చప్పుడు

ఆఫీసులో అందరూ ఆమెను చెవులమ్మ అనేవారు. ముఖం మీదే అనేవారు, ఆమె కూడా పలికేది. భూమిలోని నీటి గొట్టాలు ఎక్కడ కారుతున్నాయో విని చెప్పడం ఆమె పని. గొట్టానికి అతికించిన చిన్న పరికరం లోపలి చప్పుడును పట్టి పంపిస్తుంది. కారే చోట సూదితో గీసినట్టు సన్నని మోత ఉంటుంది. మిగతావాళ్లు తెర మీద గీతలు చూసి చెప్పేవారు. ఆమె మాత్రం కళ్లు మూసుకుని వినేది. "ఇంట్లో నేను గొంతు చించుకున్నా వినపడదు గానీ, మట్టి కింద బొట్టు కారితే వినపడుతుంది మీ అక్కకి" అని భర్త ఆమె తమ్ముడి దగ్గర వాపోయేవాడు.

నడివయసులో ఆమెను మొదటిసారి పరాయి దేశం పంపించారు. ఒక పట్టణంలో పాత వీధుల కింద పరికరాలు బిగించి, బస చేసిన గదిలోంచే వాటిని గమనించాలి. బిగించడం సాఫీగానే జరిగింది. చిక్కంతా డేటాతోనే వచ్చింది. పరికరాలు విన్నదాన్ని ఇంటర్నెట్‌లో పంపే పెట్టెలో వేయడానికి వెంట తెచ్చిన సిమ్ అక్కడ కాల్స్‌కు తప్ప దేనికీ పనికిరాలేదు. గొట్టాల మేస్త్రీ మన భాషవాడే, ఎప్పుడో వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. అతనే ఆమెను ఫోన్ల దుకాణానికి తీసుకెళ్లాడు.

"పాస్‌పోర్టు చూపిస్తే టూరిస్టు సిమ్ ఇస్తాడంటమ్మా. కొన్నాళ్లే పనిచేస్తుందంట."

"ఫోన్లో వేసుకోడానికి కాదన్నా. పెట్టెలో పెట్టి, దూరం నుంచి నేను అందులోకి వెళ్లాలి. కుదురుతుందేమో అడుగు."

ఆ సిమ్ మీద బయటి నుంచి లోపలికి రానివ్వరని దుకాణదారుడు తేల్చాడు. అయినా తీసుకుంది. పెట్టె తనంతట తానే మన ఆఫీసు సర్వరుతో కలిసేలా మార్చి, ఆ దారిన లోపలికి వెళ్లింది. మేనేజరు ఫోన్ చేసి, "చప్పుడు ఎంతుందో చూపే అంకెలు చూడండి చాలు. చప్పుడు తెరవకండి, డేటా అంతా తాగేస్తుంది" అన్నాడు.

అంకెలు చూస్తే ఆమెకు పని చేసినట్టు ఉండదు.

ఊరి చివర ఒక వీధిలో ఇళ్లను కూల్చడానికి ఖాళీ చేయించారు. గొట్టానికి నీళ్లు కూడా ఆపేశారు. అది నిశ్శబ్దంగా ఉండాలి. ఒక మధ్యాహ్నం దాని అంకె పెరిగి కనిపించేసరికి ఆమె ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చప్పుడు తెరిచింది.

టక్. కాసేపాగి, టక్ టక్. మళ్లీ ఆగి, టక్.

కారే మోత కాదు. ఎండకు ఇనుము సాగితే వచ్చే చప్పుడుకు వరస ఉండదు. దీనికి ఉంది. ఎవరో తట్టి, జవాబు కోసం ఆగి, మళ్లీ తడుతున్నట్టుంది. కిటికీ బయట మంచి ఎండ. పక్కగదిలో ఎవరో కుర్చీ జరుపుతున్నారు. తెలియకుండానే ఆమె వేలు బల్ల మీద టక్‌మని తట్టింది.

గొట్టంలో చప్పుడు ఆగిపోయింది.

ఆ పరికరం వింటుంది గానీ పలకదు. ఆ సంగతి ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అంతలో తట్టడం మళ్లీ మొదలైంది, ఈసారి గబగబా. ఇంకా వినేలోపు డేటా అయిపోయింది.

మేస్త్రీని వెంటబెట్టుకుని దుకాణానికి పరుగెత్తింది.

"అక్కడెవరూ లేరమ్మా. వాల్వు కట్టేసింది నేనే కదా."

"వాల్వు కట్టావు సరే. ఇళ్లన్నీ చూశావా అన్నా?"

డేటా వేయించాక ఆమె అక్కడే నిలబడి ఫోన్లో చప్పుడు తెరిచి పైకి వినిపించింది. దుకాణదారుడు చేతిలో పని ఆపేశాడు. మేస్త్రీ జేబులోంచి తాళంచెవి తీసి, "పదమ్మా, బండి తీస్తాను" అన్నాడు.

వీధి చివరి ఇంటి తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. మేస్త్రీ దాన్ని పగలగొట్టాడు. స్నానాల గదిలో ఒక ముసలాయన నేల మీద పడి ఉన్నాడు. ఇల్లు వదలలేక, ఖాళీ చేయించిన రోజు దాక్కుండిపోయాడట. నోరు పిడచకట్టింది గానీ కళ్లలో ప్రాణం ఉంది. గొట్టం గోడ పైభాగంలో, ఆయన చేతికి అందనంత ఎత్తున ఉంది. ఆమె నీళ్లు తాగించింది. ఆయన మేస్త్రీతో ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడన్నా?"

"తట్టింది మీరేనా అని అడుగుతున్నాడమ్మా. గొట్టంలో ఎవరో తడుతుంటే చూద్దామని వచ్చి జారిపడ్డాడంట. పడ్డాక లేవలేకపోయాడంట. స్పృహ తప్పుతున్నప్పుడల్లా ఆ చప్పుడే లేపిందంటున్నాడు."

ఆంబులెన్సు వచ్చేదాకా ముగ్గురూ ఆ గదిలోనే ఉన్నారు. గొట్టం వైపు ఎవరూ తలెత్తలేదు.

ముసలాయన బతికాడు. కూతురు వచ్చి తన ఇంటికి తీసుకెళ్లింది. మిగతా ఇళ్లన్నీ వెతికించారు, ఎవరూ లేరు. సిమ్ గడువు తీరేదాకా ఆమె ఆ గొట్టాన్ని రోజూ వింది. చీమ చిటుక్కుమనలేదు. ఇంకో సిమ్ తీసుకోమని మేనేజరు అంటే, "వద్దు సార్, అక్కడ కారడం లేదు" అని మాత్రం చెప్పి, పని ముగించుకుని ఇంటికి వచ్చేసింది.

కొన్నాళ్లకు మేస్త్రీ ఫోన్ చేశాడు. ఆ వీధి తవ్వి గొట్టం తీసేశారట. పైకి తీసిన ప్రతి ముక్కలోకీ అతను తొంగి చూశాడట.

"తుప్పు, ఎండిన మట్టి. అటు చివర వెలుగు కనిపించిందమ్మా, అంతే."

"నిన్నెవరు చూడమన్నారన్నా?"

"ఎవరూ అనలేదు. చూడకపోతే నిద్ర పట్టేలా లేదు."