అత్త వెతికిన కార్బురేటర్లు

రాయపురంలో మా మేనత్త షెడ్డులో తాత కొన్న రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు ఉండేది. తాత పోయాక దాన్ని మళ్లీ రోడ్డెక్కిస్తానని అత్త పట్టుబట్టింది. ఎవరు ఏ విడిభాగం తెచ్చినా వేళ్లతో తడిమి చూసి, "ఇది దానిది గాదు" అని తిరిగిచ్చేసేది.

పాత కార్ల ప్రదర్శన దగ్గరపడింది. కార్బురేటర్లు మాత్రం దొరకలేదు.

"వేరే బండివి బిగించేద్దామక్కా, ఎవరికి తెలస్తాది?" అన్నాడు మెకానిక్.

"నాకు తెలస్తాది గదప్పా," అంది అత్త. ఆ ఏడాది ప్రదర్శనకు కారు లేకుండానే, ఊరికే చూడ్డానికి వెళ్లింది.

అక్కడే ఎవరో మైలాపూరు పెద్దాయన సంగతి చెప్పారు. ఆయనకూ ఒకప్పుడు అదే రకం కారు ఉండేదట. ప్రమాదంలో అది నుజ్జయిపోతే, మిగిలిన కార్బురేటర్ల జతను గుడ్డలో చుట్టి దాచుకున్నారు. ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. అత్త వెళ్లి, తన కారును ప్రదర్శనకు ఎందుకు తీసుకెళ్లలేదో చెప్పింది. ఆయన లోపలికెళ్లి, ఆ మూట తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

కారు కదిలిన రోజు అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేరుగా మైలాపూరు పోనిచ్చింది. హారన్ కొట్టకముందే ఇంజిన్ చప్పుడు విని, పెద్దాయన చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి వచ్చేశారు. అత్త దిగి, స్టీరింగు వైపు తలుపు తెరిచి పట్టుకుంది.

"రాండి పెదనాయనా, మీరే నడపండి."

నేను దిగి అత్తకు చోటిచ్చాను. వాళ్లిద్దరూ మలుపు తిరిగేదాకా, అక్కడ చేరిన వాళ్లందరికీ "ఆమె మా అత్త" అని చెబుతూనే ఉన్నాను.