సమ్సోనుకి రెండో కన్ను

రాజోలుకి కూతవేటు దూరంలో, కాలవ గట్టు మీద, ఒకప్పుడు కొబ్బరి పీచు ఆడిన షెడ్డొకటి ఉంది. అందులో సూరమ్మ ముసలి పిల్లుల్ని సాకుతుంది. ఆవిడ కువైట్‌లో ఓ పెద్దింట్లో ఏళ్ళ తరబడి వంట చేసింది. అక్కడ పిల్లులకి ఏసీ గది, వంటమనిషికి ఫ్యాను. ఇంకొకరైతే ఆ కచ్చతో జన్మలో పిల్లి మొహం చూసేవారు కాదు. సూరమ్మ మాత్రం ఊరికి తిరిగి రాగానే షెడ్డు నేలంతా కొబ్బరి పొట్టు పరిచి, పళ్ళూడినవీ, కాళ్ళు విరిగినవీ, ఇక ఎలకల్ని పట్టలేవని జనం గెంటేసినవీ తెచ్చి పెట్టుకుంది. అక్కడికి వచ్చిన పిల్లి అక్కడే కన్నుమూయాలి గాని బయటికి పోయేది లేదు.

ఊళ్ళోవాళ్ళకి ఇది మింగుడు పడలేదు.

"ఎలకలు గెలలన్నీ కొరికేస్తన్నాయండి. ఓ పిల్లినిద్దురూ," అని రైతులు వచ్చేవారు.

"ఇవి రిటైరైపోయేయండి."

"మరెందుకండీ మేపడం?"

ఆ మాట విన్నప్పుడల్లా సూరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కేది.

ఈ వానాకాలంలో ముగ్గురు పోయారు. కాలవలో బుట్టలో కొట్టుకొచ్చిన మోషే, ఒక్క పన్నూ లేని నయోమి, ఎడమ కన్ను లేని, చెవి చిరిగిన సమ్సోను. సమ్సోను సామాన్యుడు కాడు. ఒకసారి కొబ్బరి లారీ ఎక్కి ఒడిశా దాకా పోయి, అక్కడి సరుకు నచ్చక, అదే డ్రైవరు పక్క సీట్లో కూర్చుని తిరిగొచ్చాడని వీధిలో చెప్పుకుంటారు. డ్రైవరు మాత్రం సీటు తనకి ఇవ్వలేదని, సమ్సోను లాక్కున్నాడని అంటాడు.

ముగ్గుర్నీ షెడ్డు వెనక పూడ్చాక సూరమ్మకి ఓ దిగులు పట్టుకుంది. తను కూడా పోతే, వీళ్ళు ఇలా ఉండేవారని చెప్పే మనిషి మిగలడు. మనుషులకి చేసినట్టే వీళ్ళకీ జ్ఞాపకార్థ కూడిక పెట్టాలనుకుంది. సంఘ పెద్ద జ్ఞానప్రకాశంగారి దగ్గరికి వెళ్ళింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పిల్లులకి కూడికేంటమ్మా? పైగా పరిశుద్ధ గ్రంథంలో పేర్లా!"

"మీ అబ్బాయికీ సమ్సోనని పెట్టేరు కదండీ. వాడికన్నా నా సమ్సోను పిలిస్తే పలికేవాడండి."

ఆయన కళ్ళజోడు మళ్ళీ తుడిచారు. "ప్రార్థన అయితే చెయ్యనమ్మా. టీ ఇస్తే తాగి పోతాను."

టీ తాగే పెద్ద ఒకరు కుదిరారు. ఇక ఫ్లెక్సీ. ఫోనులో ఉన్న ఫోటోలు మూడూ రాజోలు సెంటర్లో ఫ్లెక్సీలు వేసే భాస్కర్‌కి పంపించింది. "ఉన్నది ఉన్నట్టు వెయ్యి నాయనా," అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"ఆయ్," అన్నాడు భాస్కర్.

కూడిక రోజు పొద్దున్నే ఫ్లెక్సీ షెడ్డు ముందు కట్టారు. సూరమ్మ గుమ్మంలోంచి చూసి, కళ్ళు నులుముకుని, మళ్ళీ చూసింది. పైన వరసగా ఊరి పెద్దలు నమస్కారం పెడుతున్నారు. కింద మూడు పిల్లులు, మెడలో బంతిపూల దండలు. నయోమి నోటినిండా ముత్యాల్లాంటి పళ్ళు. చిరిగిన చెవికి అతుకు పడి, నిగనిగలాడే రెండు కళ్ళతో మధ్యలో ఎవడో కూర్చుని ఉన్నాడు.

సూరమ్మ ఫోను తీసింది. "ఒరే భాస్కరూ, ఈ మధ్యలో ఎవర్రా?"

"మీ సమ్సోనేనండి."

"వాడికి రెండో కన్నెక్కడిదిరా?"

"మోషేది తీసి అతికించేనండి. పోయినోళ్ళని కాస్త సరిచేసి వెయ్యడం మా పద్ధతండి. మొన్న ఓ తాతగారికి బనీను మీద కోటు వేసేను. వాళ్ళమ్మాయిగారు చూసి సంబరపడిపోయేరు."

"వీడికీ ఓ కోటు వెయ్యలేకపోయేవా?"

"వేసి చూసేనండి. మెడ దగ్గర కుదరలేదు."

"మరి పైన ఆ పెద్దమనుషులెందుకురా? వాళ్ళలో ఎవడైనా నయోమికి ఓ చేపతల పెట్టేడా?"

"వాళ్ళు లేకపోతే ఖాళీగా ఉంటదండి."

ఇంకొకటి వేసిమ్మంటే, పెళ్ళి బ్యానర్లున్నాయి, రేపు సాయంత్రం దాకా మిషను ఖాళీ లేదన్నాడు. సూరమ్మ ఫోను విసిరేయబోయి, కొత్తదని గుర్తొచ్చి, కొబ్బరి పొట్టులోకి విసిరింది.

సాయంత్రం జనం వచ్చారు. సగం మంది బిర్యానీ ఉంటుందని వచ్చారు. టీ, బిస్కట్లు చూసి మొహాలు వేలాడేశారు. జ్ఞానప్రకాశంగారు ఫ్లెక్సీ కేసి చూసి, "చక్కటి పిల్లులమ్మా. దొరల పిల్లుల్లా ఉన్నాయి," అన్నారు.

సూరమ్మ పళ్ళు కొరికింది. ఏం చెప్పినా వినే మొహాలు కావు. ఈ దొరల పిల్లుల్నే గుర్తుంచుకుని వెళ్ళిపోతారు. ఫ్లెక్సీ తాళ్ళు తెంపేద్దామని లోపలికెళ్ళి కత్తి తెచ్చింది.

అప్పుడే చేపల సుబ్బమ్మ తట్ట దింపి, ఫ్లెక్సీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఇదెవరండీ మధ్యలో?"

"సమ్సోనట," అన్నారెవరో.

"ఎవరు, ఆ దొంగ సచ్చినోడా? వాడికి రెండు కళ్ళున్నాయంటే నేనొప్పుకోనండి! మొన్నటేడు యానాం నుంచి చీరమేను చేపపిల్లల్ని తెచ్చుకుంటే గిన్నెలో తల పెట్టేసేడు. అమ్ముకునే సరుకండి! అరిస్తే పారిపోలేదు. తలెత్తి చూసేడు. ఒక్క కంటితోనే!"

"కుడి కన్ను కదూ లేనిది?" అన్నాడొక రైతు.

"ఎడమదండి బాబూ!"

"కాదు, కుడిదే. మా అరుగు మీద పడుకునేవాడు. నాకు తెలీదా?"

"మీ అరుగు మీద పడుకుంది నయోమండి. మీ ఆవిడ చీపురు తిరగేసేది కూడాను!"

జ్ఞానప్రకాశంగారికీ ఉండబట్టలేదు. క్రిస్మస్ కేకు మీద పాదాల గుర్తులు వేసింది మోషేనే అయ్యుండాలన్నారు. ఒక్కరూ మంచి మాట చెప్పలేదు. అందరివీ ఫిర్యాదులే. సూరమ్మ కత్తి పక్కన పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని, ప్రతి నేరానికీ జవాబు చెప్పుకొచ్చింది. కేకు మోషే కాదండి, నయోమి. చీరమేను గిన్నెకి మూతెందుకు పెట్టలేదు సుబ్బమ్మా?

కన్ను సంగతి మాత్రం సూరమ్మ చెప్పినా తేలలేదు. రైతు కుడి అంటాడు, సుబ్బమ్మ ఎడమ అంటుంది.

"ఇలా కాదండి," అని సుబ్బమ్మ చీర కుచ్చెళ్ళు బిగించి, నేల మీద గొంతుక్కూచుంది. తట్టని ముందుకి లాక్కుంది. మెడ ఎడమకి తిప్పి, కుడి కన్ను ముందుకి పెట్టి, ఒక భుజం దించి, తట్ట వైపు మెల్లగా జరిగింది. "ఇదిగో, ఇలా వచ్చేవాడు. ఎడమ కన్నుంటే ఇలా తిప్పాల్సిన పనేంటండి?"

రైతు కూడా తెలియకుండానే మెడ అటే తిప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా, "ఆయ్, అవునవును," అన్నారు.

సూరమ్మ ఒక్క అడుగు ముందుకేసి, సుబ్బమ్మ తల రెండు చేతులతో పట్టుకుంది.

"ఇంకొంచెం వంచాలి సుబ్బమ్మా. ఇంకా..."

"ఇంతకన్నా వంచితే నా మెడ పట్టేస్తదండి!"

"పట్టనీ," అంది సూరమ్మ. "వాడు ఇంకా వంచేవాడు."