దవడ కింద రెండు వేళ్లు

నేను బడికి పోలేదు. తెలుగు అక్షరాలు ఇంట్లోనే మా నాన్న దిద్దించాడు. చిత్తూరు వైపు పల్లె నుంచి తిరువళ్లూరుకు కోడలిగా వచ్చేనాటికి తమిళం వింటే అర్థమయ్యేది, అంతే. మా అత్త ఇంట్లో తెలుగే మాట్లాడేది గానీ, ఆమె చదువంతా తమిళం. పొద్దున్నే దీపం పెట్టి, తిరుత్తణి కొండమీది మురుగస్వామి పాటలు పుస్తకం చూసి చదువుకునేది. చూపు తగ్గి అక్షరాలు కనబడకుండా పోయాక నన్ను చదివి వినిపించమంది.

ఆమె నా అరచేతిలో వేలితో అక్షరాలు రాసి నేర్పితే, కూడబలుక్కుని చదవడం తొందరగానే వచ్చింది. రానిది ఒక్కటే, ‘తమిళ్’ అనే మాట చివర నాలుకను వెనక్కి మడిచి పలికే శబ్దం. నా నోట అది మన ‘ళ’ అయిపోయేది.

“అది కాదుమే. నాలుక పైన తగలకూడదు. ఊరికే గాల్లో నిలబడాల.”

“అరటిపండ్లమ్మే ఆమె గూడా నా మాదిరే అంటాది గదత్తా.”

“అంగట్లో ఎట్లయినా అనుకో. సామి ముందర సరిగ్గా అనాల. నువ్వు చదివేది విని ఆ సామి కొండ దిగి పోతే, యాడ వెతికేది?”

అంటూనే నా దవడ కింద రెండు వేళ్లు ఆనించేది. నాలుక ఎక్కడ తగిలిందో ఆ వేళ్లకు తెలిసిపోయేది. తప్పయితే నొక్కేది.

మురుగస్వామి పండుగ ఆడికృత్తికకు ఆ కొండమీద, పుస్తకంలోని మొదటి పాట నా నోట పూర్తిగా వినాలని ఆమె కోరిక. పండుగ ఇంకా రాకముందే పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడి చెయ్యి మాత్రం ఆడేది.

“ఈ యేడు కొండ వద్దులే. ఆమెకు వినబడతాదో లేదో,” అన్నాడు మా ఆయన.

నాకు మనసొప్పలేదు. పండుగ రద్దీ తగ్గాక ఒక మంగళవారం ఆయనే ఆటో మాట్లాడాడు. కొండమీద దర్శనమయ్యాక అత్తను ఒక స్తంభానికి ఆనించి కూర్చోబెట్టాం. ఆమె కుడి చెయ్యి తీసి నా దవడ కింద పెట్టుకుని పుస్తకం తెరిచాను.

మొదటి చరణంలో ఆ శబ్దం రాగానే వేళ్లు నొక్కాయి. ఆగి మళ్లీ అన్నాను. మళ్లీ నొక్కాయి. ఎంగిలి మింగి, నాలుకను దేనికీ తగలనివ్వకుండా అన్నాను. వేళ్లు కదల్లేదు. ఆ తర్వాత కూడా అక్కడక్కడా నొక్కుతూనే ఉన్నాయి. నొక్కిన ప్రతిసారీ నాకు ప్రాణం లేచివచ్చింది.

ఆ పూట నాకు ఇచ్చినందుకు స్వామికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

పాట అయిపోయినా అత్త చెయ్యి తియ్యలేదు. నేను మళ్లీ మొదటినుంచి అందుకున్నాను.